కంపెనీ వైరు కొయ్యకుండా కొత్త టెయిల్ లైట్లు

లగ్జరీ కారుకి బయట దొరికే టెయిల్ లైట్లు వేయించుకుందాం అనుకునేవాళ్లకి ముందే చెప్తున్నా: లైటు ఎంత ఖరీదుదైనా తీసుకోండి, ఎక్కడ నుంచైనా తెప్పించుకోండి, కానీ కారుతో పాటు వచ్చిన వైరుని మాత్రం ఎవరి చేతా కొయ్యించకండి. కట్టింగ్ ప్లేయరు పడ్డ దగ్గర్నుంచి ఆ కారుకి కష్టాలు మొదలవుతాయి, మన గోదావరి గాలికి అవి ఇంకా తొందరగా బయటపడతాయి. ఈమధ్య మా బావ కారుకి ఈ పని మొత్తం విప్పి మళ్లీ చేశాను. ఏం చూశానో, ఏది ఎందుకు అలా చేశానో వివరంగా రాస్తున్నా, ఇలాంటి కారున్న వాళ్లకి పనికొస్తుంది.

నేను పాలకొల్లులో ఇన్వర్టర్లు, చెరువుల మీద ఏరేటర్ల (నీళ్లకి గాలి పట్టించే మోటర్లు) స్టార్టర్ ప్యానెళ్లు రిపేరు చేస్తుంటాను. మా మేనత్త కొడుకు నరసాపురం అవతల రొయ్యల చెరువులు చేస్తాడు. హైదరాబాద్‌లో ఒకాయన వాడిన జర్మన్ సెడాన్ కొనుక్కొచ్చాడు, బండి చాలా బాగుంది. కొబ్బరికాయల లోడు ట్రాక్టరు వెనక్కి తీస్తుంటే దాని ట్రక్కు తగిలి ఎడమవైపు టెయిల్ లైటు పగిలిపోయింది. షోరూమ్ వాళ్లు రెండు లైట్లకి చెప్పిన రేటుకి మంచి పాడిగేదె వస్తుంది. అందుకని బావ కొత్త మోడల్ లుక్ ఉన్న ఎల్‌ఈడీ సెట్టు తెప్పించి, దగ్గర్లో ఒక షాపులో బిగించుకున్నాడు. చూడ్డానికి అదిరిపోయింది, ఆ విషయంలో నాకేం అభ్యంతరం లేదు.

వర్షాకాలం అయ్యేసరికి ఒక్కొక్కటీ మొదలయ్యాయి. డాష్‌బోర్డు మీద బల్బు పోయిందని మెసేజ్. కుడి ఇండికేటర్ టకటకా డబుల్ స్పీడులో కొట్టుకోవడం. రాత్రిపూట బ్రేకు తొక్కితే పార్కింగ్ లైటు మసకబారి, ఇండికేటర్ కొద్దికొద్దిగా వెలగడం. కారు ఆపి తాళం వేశాక కూడా లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయని మా అత్తయ్య చూసి చెప్పింది. "బావా, లైట్లు మార్చేసి పాతవి పెట్టేద్దాం, నాకీ టెన్షన్ వద్దు" అని బావ నాతో అన్నాడు. నేను చూస్తే లైట్లలో లోపం లేదు, కలిపిన పద్ధతిలో ఉంది.

మామూలు కారులో బల్బు అంటే రెండు వైర్లు, ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్. స్విచ్ వేస్తే రిలే లాగుతుంది, బల్బు వెలుగుతుంది, అంతే. ఈ జర్మన్ కార్లలో బల్బుకి కరెంటు ఒక కంప్యూటర్ బాక్సు ఇస్తుంది. బీఎండబ్ల్యూ కొన్ని మోడళ్లలో దాన్ని ఎఫ్‌ఆర్‌ఎం అంటారు, మెర్సిడెస్‌లో సామ్ అంటారు, ఆడి లాంటి వాటిలో బీసీఎం అంటారు, పేరేదైనా చేసే పని దాదాపు ఒకటే. అది లైటు వెలిగించడమే కాదు, ఎంత కరెంటు పోతోందో చూస్తూ ఉంటుంది. వెనక పీ21డబ్ల్యూ బల్బు 21 వాట్లది, అంటే ఇంచుమించు రెండు ఆంపియర్లకి కాస్త తక్కువ తాగుతుంది. ఎల్‌ఈడీ లైటు మూడు నాలుగు వాట్లతో సరిపెట్టుకుంటుంది. బాక్సు లెక్కలో అంత తక్కువ కరెంటు పోతోందంటే బల్బు మాడిపోయినట్టే, వెంటనే మెసేజ్ వేస్తుంది. ఇండికేటర్ స్పీడు పెరగడం కూడా అందుకే. మామూలుగా నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టుకోవాలి, బల్బు పోయినట్టు డ్రైవరుకి తెలియాలని కావాలనే స్పీడు పెంచుతారు.

లైట్లు ఆపేసి ఉన్నప్పుడు కూడా ఈ బాక్సు ఊరుకోదు. ఫిలమెంట్ తెగిందా లేదా అని చిన్న చిన్న పల్స్‌లు పంపి పరీక్ష చేస్తుంది. ఫిలమెంట్ బల్బుకి ఆ కాస్త కరెంటు చాలదు కాబట్టి మనకేమీ కనపడదు. ఎల్‌ఈడీకి ఆ కాస్త చాలు, టక్కున వెలిగి ఆరిపోతుంది. అత్తయ్య చూసిన మిణుకు అదే. వెనక లైట్లు వాటంతటవే వెలుగుతున్నాయంటే షార్ట్ అయిందని భయపడిపోయి బ్యాటరీ తీసేసే వాళ్లని చూశాను. అలా హడావిడిగా తీయాల్సిన పనేం లేదు.

ఇంకో సంగతి. చాలా జర్మన్ కార్లలో పార్కింగ్‌కి, బ్రేకుకి ఒకే 21 వాట్ల బల్బు ఉంటుంది. పార్కింగ్ వేసినప్పుడు కరెంటుని సెకనుకి చాలాసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ మసకగా వెలిగిస్తారు, దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. బ్రేకు తొక్కితే పూర్తి కరెంటు. అంటే ఒకే వైరు మీద రెండు పనులు. మల్టీమీటర్ పెడితే ఆ వైరు మీద 12 వోల్టులు రాదు, సగటు తీసి రెండో మూడో వోల్టులు చూపిస్తుంది. దాన్ని చూసి వైరు డౌన్ అయిందనుకుని వేరే చోట నుంచి కొత్త వైరు లాగేసే మేస్త్రిలు ఉన్నారు. బావ కారుకి అదే జరిగింది. పార్కింగ్ కోసం నంబర్ ప్లేట్ లైటు వైరుకి ముడేసి అక్కణ్ణుంచి తెచ్చారు. బయటకొచ్చే సెట్టుల్లో ఎక్కువ వాటికి పార్కింగ్‌కి వేరే వైరు, బ్రేకుకి వేరే వైరు ఉంటాయి, కాబట్టి ఎవరైనా తికమక పడతారు. కానీ తికమక పడినప్పుడు ఆగి చూడాలి గానీ కొయ్యకూడదు.

డిక్కీ పక్క కార్పెట్ విప్పగానే మొత్తం అర్థమైపోయింది. కంపెనీ కప్లర్‌ని (లైటుని వైర్లకి తగిలించే ప్లగ్గు) వైర్ల దగ్గర తెగ్గోసి, వైర్లు మెలేసి, పైన నల్ల టేపు చుట్టారు. రోహిణి కార్తె ఎండల్లో ఆ టేపు జిగురు కారిపోయి టేపు ఊడి వేలాడుతోంది. మెలేసిన చోట రాగి పచ్చగా చిలుం పట్టింది. సముద్రం దగ్గర గాలిలో ఉప్పు, చుట్టూ చెరువుల తేమ, ఏ రాగి తీగనైనా తెరిచి వదిలేస్తే ఒక వర్షాకాలం చాలు. ఏరేటర్ ప్యానెళ్లలో రోజూ చూసే జబ్బే ఇది. మేస్త్రిలు త్వరగా అవుతుందని వైరు మీద నొక్కేసే ప్లాస్టిక్ క్లిప్పులు వాడతారు, అది ఇన్సులేషన్‌ని చీల్చుకుని లోపల తీగని పట్టుకుంటుంది. పొడి ఊళ్లో కొన్నేళ్లు ఆగుతుందేమో గానీ ఇక్కడ ఆ చీలికలోంచి తేమ లోపలికి దిగి వైరు ఇన్సులేషన్ కిందే నల్లబడిపోతుంది, పైకి అంతా బాగానే కనిపిస్తుంది.

అన్నిటికంటే పెద్ద తప్పు ఎర్త్. మన దగ్గర ఎక్కువ కార్లలో నల్ల వైరు ఎర్త్, చేతికి అలవాటైపోయింది. జర్మన్ కార్లలో ఎర్త్ గోధుమరంగు వైరు. వాళ్ల డీఐఎన్ 72552 అనే జర్మన్ ప్రమాణం ప్రకారం టెర్మినళ్లకి నంబర్లుంటాయి: 31 అంటే ఎర్త్, 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, 15 ఇగ్నిషన్, 54 బ్రేకు, 58 పార్కింగ్, ఎల్, ఆర్ అని ఇండికేటర్లు. వైరింగ్ డయాగ్రమ్‌లో ఈ నంబర్లు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. ఇక్కడ షాపువాళ్లు గోధుమరంగు వైరుని అలాగే వదిలేసి, కొత్త లైటు నల్ల వైరుని డిక్కీ రేకుకి పెయింటు మీదే స్క్రూతో బిగించారు. ఆ స్క్రూ తుప్పు పట్టింది. లైటు వెలిగించి, లైటు ఎర్త్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటరు పెట్టి చూస్తే ఒక వోల్టుకి పైనే చూపించింది. అది 0.1, మహా అయితే 0.2 దాటకూడదు. ఎర్త్ సరిగ్గా లేనప్పుడు కరెంటు తిరిగి వెళ్లడానికి దారి వెతుక్కుంటుంది, పక్కనున్న ఇండికేటర్ లోంచో పార్కింగ్ లోంచో పోతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలగడం అందుకే. వెనక లైట్లలో ఒకటి వేస్తే ఇంకోటి వెలుగుతోందంటే ముందు ఎర్త్ చూడండి, తర్వాతే మిగతావి.

ఇక రెసిస్టర్లు, అంటే కరెంటుని తాగి వేడిగా మార్చే ముక్కలు. మెసేజ్ రాకుండా 50 వాట్ల 6 ఓమ్‌ల బంగారురంగు రెసిస్టర్ ఒకటి ఎర్త్‌కి కడతారు. బాక్సుకి అది బల్బులా కనిపిస్తుంది, ఇండికేటర్ స్పీడు సర్దుకుంటుంది. లెక్క వేయండి: ఇంజిన్ నడుస్తుంటే 13.5 వోల్టులు, 6 ఓమ్‌లతో భాగిస్తే 2.25 ఆంపియర్లు, అంటే 30 వాట్ల వేడి. అరచేతిలో సగం లేని అల్యూమినియం ముక్కలోంచి 30 వాట్లు రావాలి. చించినాడ వంతెన మీద ట్రాఫిక్ ఆగిపోయి బ్రేకు మీద కాలు పెట్టి కూర్చుంటే అది నీళ్లు మరిగేంత వేడి దాటిపోతుంది. బావ కారులో ఆ రెసిస్టర్‌ని వైర్ల కట్టకే టేపు చుట్టి, వెనక కార్పెట్ దూది ఆనుకుని వదిలేశారు. రెండు వైర్ల పైన ఇన్సులేషన్ మెత్తబడి గుర్తు పడిపోయింది. ఇంకొంచెం కాలం అలా తిరిగి ఉంటే అక్కడ నిప్పు పుట్టేది, ఇది భయపెట్టడానికి రాయడం లేదు, ఆ కాలిన గుర్తుని వేలితో తడిమి చూశాను.

రెసిస్టర్ పెట్టకూడదని కాదు. ఇండికేటర్‌కి పెట్టొచ్చు, అది రోజంతా వెలగదు, వెలిగినప్పుడు కూడా సగం సేపు ఆగి ఉంటుంది. పార్కింగ్‌కి, బ్రేకుకి అయితే కారు బాక్సులో కోడింగ్ (లోపలి సెట్టింగులు) మార్చడం మంచి పద్ధతి. అదే మోడల్‌కి తర్వాత పైపై మార్పులతో వచ్చిన ఫేస్‌లిఫ్ట్‌లో ఎల్‌ఈడీ లైట్లు ఉండుంటే చాలా వాటిలో ఆ ఆప్షన్ లోపలే ఉంటుంది, స్కానర్‌తో మారిస్తే బల్బు చెకింగ్ ఆగిపోతుంది, మిణుకూ పోతుంది. బావ కారుకి అలాగే చేయించాం, ఇండికేటర్లకి మాత్రం రెసిస్టర్లు ఉంచాను. వాటిని కార్పెట్‌కి దూరంగా, డిక్కీ లోపలి రేకుకి థర్మల్ పేస్ట్ రాసి రెండు బోల్టులతో బిగించాను, రేకే వేడిని లాగేసుకుంటుంది. వైరు వాటిని తగలకుండా పక్కనుంచి తిప్పాను. ఒక జాగ్రత్త తప్పనిసరి: కోడింగ్ చేస్తున్నంతసేపూ బ్యాటరీకి మంచి చార్జర్ తగిలించి ఉండాలి. మధ్యలో వోల్టేజ్ పడిపోతే కొన్ని బాక్సుల్లో మెమరీ చెడిపోతుంది, అప్పుడు టెయిల్ లైటు కాదు కదా, ముందు లైట్లు, కిటికీ అద్దాలు కూడా పనిచేయకపోవచ్చు. మామూలు ఇంటి చార్జరు చాలదు, వోల్టేజ్ నిలబెట్టే సప్లై కావాలి.

వైరింగ్ విషయానికొస్తే, కోసిన కప్లర్‌ని బావ పారేయకుండా డిక్కీలోనే ఉంచాడు, అది బతికించింది. ముందు దాన్ని దాని వైర్లకి కలిపి కారుని కంపెనీ స్థితికి తెచ్చాను. చిలుం పట్టినంత మేర కోసేసి మెరిసే రాగి వచ్చేదాకా వెళ్లాను. కలిపింది క్రింప్ స్లీవులతో (వైరు మీద నొక్కి బిగించే చిన్న లోహపు గొట్టాలు), సోల్డరింగ్‌తో కాదు. నేను రోజంతా సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే మనిషినే, అయినా కారులో వద్దంటాను. సీసం వైరు పోగుల్లోకి పాకి ఆ ముక్క గట్టి కడ్డీలా అవుతుంది, కారు అదురుతుంటే కడ్డీ అంచు దగ్గర పోగులు ఒక్కొక్కటే తెగిపోతాయి. మంచి క్రింపింగ్ టూలుతో నొక్కితే ఆ బాధ లేదు. దాని మీద లోపల జిగురుండి వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు వేయాలి, వేడి చేసినప్పుడు రెండు చివర్లా జిగురు కొద్దిగా బయటికి వస్తే తేమ ఇక లోపలికి పోదు. అన్ని అతుకులూ ఒకే చోట రాకుండా ఒకటి ముందు ఒకటి వెనక వేశాను, లేకపోతే కట్ట అక్కడ గెడ్డ కట్టి క్లిప్పులో పట్టదు. పైన నల్ల టేపు కాకుండా గుడ్డ లాంటి ఫ్లీస్ టేపు చుట్టాను, కంపెనీ వాళ్లు వాడేది అదే, ఎండకి జిగురు కారదు.

తర్వాత కప్లర్‌లో ఏ పిన్ను ఏమిటో రాసుకోవాలి. దీనికి మీటరు కంటే నిజమైన 21 వాట్ల బల్బుకి రెండు వైర్లు కట్టుకుని చూడటం మేలు, ఎందుకంటే బాక్సుకి అలవాటైన లోడు అదే, మసకగా వెలిగిందా పూర్తిగా వెలిగిందా కళ్లతో తెలిసిపోతుంది. ఒకరు లోపల కూర్చుని పార్కింగ్, బ్రేకు, రివర్సు, ఇండికేటర్, వెనక ఫాగ్ లైటు ఒక్కొక్కటే వేస్తుంటే ఇంకొకరు పుస్తకంలో రాసుకోవాలి. పిన్నుల్లో లావు పిన్నీసులు, స్క్రూడ్రైవర్లు దూర్చకండి, పిన్ను వదులైతే అక్కడ కాంటాక్టు వేడెక్కి కప్లరే కాలిపోతుంది. ఆ రాసుకున్న దాని ప్రకారం మధ్యలో ఒక చిన్న హార్నెస్ (కప్లర్లున్న వైర్ల కట్ట) తయారు చేశాను. ఒకవైపు కంపెనీ కప్లర్‌లో కూర్చునే మగ కప్లరు, రెండోవైపు కొత్త లైటు కప్లరు. సిగ్నల్ వైర్లు 0.75 చదరపు మిల్లీమీటర్లవి, ఎర్త్ మాత్రం 1.5. ఎర్త్‌ని గోధుమరంగు పిన్నుకే ఇచ్చి, దానికి తోడుగా డిక్కీలో కంపెనీవాళ్లు ఇచ్చిన ఎర్త్ బోల్టుకి కూడా ఒక వైరు తీసుకెళ్లాను. ఈ హార్నెస్ కోసం కారు వైరు ఏదీ కొయ్యలేదు. రేపు పాత లైట్లు పెట్టాలంటే కప్లర్ ఊడదీసి తగిలించడమే.

నీళ్ల సంగతి చాలామంది వదిలేస్తారు. బయటి సెట్టులతో వచ్చే స్పాంజి గ్యాస్కెట్లు పలచగా ఉంటాయి. లైటుకీ బాడీకీ మధ్య సందు ఉంటే వానలో నీళ్లు నేరుగా డిక్కీ మూలకి దిగుతాయి, జర్మన్ సెడాన్లలో చాలా వాటికి బ్యాటరీ, కొన్ని మాడ్యూళ్లు కూడా డిక్కీలోనే ఉంటాయని గుర్తుంచుకోండి. పాత గ్యాస్కెట్ బాగుంటే అదే వాడండి, లేదంటే మెత్తటి రబ్బరు జిగురులా ఉండే బ్యూటైల్ టేపు వేయండి. సిలికాన్ పూసేయొద్దు, వాటిలో కొన్ని రకాలు ఆరేటప్పుడు పుల్లటి ఆవిరి వదిలి రాగిని తినేస్తాయి, మళ్లీ విప్పాలన్నా పెయింటు ఊడి వస్తుంది. నట్లు అతిగా బిగిస్తే లైటు వెనక ప్లాస్టిక్ చిట్లుతుంది, చేతి బిగువు మీద ఇంకొంచెం చాలు. లైటు వెనక ఉండే చిన్న గాలి రంధ్రాన్ని మూయకండి. తెల్లారి అద్దం లోపల సన్నగా ఆవిరి పట్టి లైట్లు వేశాక పోతుంటే పర్లేదు. అడుగున నీళ్లు నిలిస్తే మాత్రం లీకే.

కొనేటప్పుడు లెన్సు మీద గుండ్రంలో పెద్ద ఇంగ్లీషు ఈ (E) అక్షరం, పక్కన ఒక అంకె ఉందా చూడండి, ఈ1 అంటే జర్మనీ, ఈ4 అంటే నెదర్లాండ్స్ ఆమోదం. దాని చుట్టూ చిన్న అక్షరాలుంటాయి: ఐఏ అంటే రిఫ్లెక్టర్, ఏఆర్ అంటే రివర్సు లైటు, ఎఫ్ అంటే వెనక ఫాగ్ లైటు, 2ఏ అంటే వెనక ఇండికేటర్. ఇండికేటర్ ఎర్రగా వెలిగే అమెరికా రకం సెట్టులు మనకి పనికిరావు, ఇక్కడ నారింజ రంగే ఉండాలి. ఎర్ర రిఫ్లెక్టర్ లేని సెట్టు అసలు కొనకండి, కారులో కరెంటు పోయి రోడ్డు పక్కన చీకట్లో ఆగిపోయినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదొక్కటే. నల్ల పొగరంగు లెన్సులు, వాటి మీద ఫిల్ములు నాకు అసలు నచ్చవు. బ్రేకు తొక్కితే టపటపా కొట్టుకునే మాడ్యూళ్లు కూడా అంతే, వెనకవాడికి అది బ్రేకో ఇండికేటరో తెలియదు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిలో మార్పులు చేయకూడదంటుంది. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్‌లో నాలుగో ఉపసెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన ఓనరుకి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ వేయొచ్చు. పగిలిన లైటు స్థానంలో అదే సైజు, అదే చోటు, అదే రంగులు ఉన్న ఆమోదిత లైటు పెట్టుకోవడం వేరు, రంగులు మార్చి ఆకారం మార్చి డెకరేషన్ చేయడం వేరు. నేను మొదటి దానికే పని చేస్తాను, రెండోది ఎవరడిగినా చెయ్యను.

ఎందుకింత పట్టుదల అంటారా, మన రోడ్లు చూడండి. ఒకవైపు కాలవ, ఇంకోవైపు చేనో చెరువో, మధ్యలో గట్టు రోడ్డు, పక్కకి తప్పుకునే చోటుండదు. పుష్యమాసంలో తెల్లవారుజామున రాజోలు నుంచి అమలాపురం వైపు 216 హైవే మీద వెళ్తే మంచులో ముందు బండి కనపడదు, దాని టెయిల్ లైటు మాత్రమే కనపడుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే కార్లన్నీ ఆ మంచులోనే దిగుతాయి. ఫిలమెంట్ బల్బు పూర్తి వెలుగు రావడానికి ఇంచుమించు 200 మిల్లీ సెకన్లు పడుతుంది, ఎల్‌ఈడీ వెంటనే వెలుగుతుంది. అరవైలో వెళ్తుంటే ఆ తేడా 3 మీటర్లకి పైనే, వందలో అయితే ఐదున్నర మీటర్లు. వెనకవాడికి అంత ముందు కనపడుతుంది. అందుకే ఎల్‌ఈడీ మార్పు నాకు నిజంగా ఇష్టం, సరిగ్గా చేస్తే అది ప్రాణం కాపాడే మార్పు. ఎర్త్ సరిగ్గా లేక బ్రేకు తొక్కినప్పుడు పార్కింగ్ మసకబారిపోయే లైటు మాత్రం పాత బల్బు కంటే ప్రమాదం.

వెనక ఫాగ్ లైటు గురించి ఒక మాట. మంచు లేనప్పుడు అది వేసుకుని తిరిగితే వెనకవాడి కళ్లు చెదురుతాయి, బ్రేకు లైటు దానిలో కలిసిపోతుంది. కొంతమంది అందంగా ఉందని దాన్ని పార్కింగ్‌కి కలిపించుకుంటున్నారు, దయచేసి వద్దు.

బిగించాక పరీక్ష చీకటి పడ్డాక చేయండి. కారుకి ఇరవై అడుగుల వెనక ఒకరు నిలబడి పార్కింగ్ మీద బ్రేకు, బ్రేకు మీద ఇండికేటర్, ఇండికేటర్ మీద రివర్సు ఇలా కలిపి కలిపి చూడాలి, విడివిడిగా బాగా వెలిగేవి కలిపినప్పుడే తప్పు చూపిస్తాయి. ఆ తర్వాత ఇంజిన్ నడుస్తుండగా బ్రేకు పది నిమిషాలు తొక్కి ఉంచి, ఇండికేటర్లు కూడా వేసి, రెసిస్టర్ చుట్టుపక్కల కార్పెట్, వైర్లు వేడెక్కాయేమో చేత్తో చూడండి, రెసిస్టర్‌ని మాత్రం ముట్టుకోకండి. తర్వాత పైపుతో లైటు చుట్టూ నీళ్లు కొట్టి డిక్కీ మూలల్లో కాగితం పెట్టి చూడండి. మొదటి గట్టి వాన పడ్డాక ఇంకోసారి కార్పెట్ ఎత్తి చూసి, ఎర్త్ మీద మీటరు పెట్టండి. మీటరు 0.2 లోపు చూపిస్తే కార్పెట్ మూసేయొచ్చు.